కాళ్ళు తిప్పే వీలులేని టర్న్‌టేబుల్‌ను మట్టం చేసే ముందు

రెగా ప్లానార్ వంటి టర్న్‌టేబుళ్ళకు, అంటే రికార్డు ప్లేయర్లకు, అడుగున మూడు రబ్బరు కాళ్ళుంటాయి. వాటిని తిప్పి ఎత్తు మార్చడానికి మర ఉండదు. పాతకాలపు పెట్టె ప్లేయర్లు చాలావాటిదీ ఇదే తీరు. కాబట్టి సరిచేయవలసింది ప్లేయర్‌ను కాదు, అది కూర్చున్న బల్లను. ప్లేయర్‌ను కదపవలసి వచ్చిన ప్రతిసారీ ముప్పు సూదికే. ఎంత తక్కువ కదిపితే అంత మంచిది.

ఒకసారి నేను కాలి కింద అట్టముక్క దూర్చడానికి ప్లేయర్ మూలను ఒంటిచేత్తో పైకి లేపాను. టోన్ ఆర్మ్‌కు, అంటే సూదిని రికార్డు మీదికి చేర్చే చేతికి, కొక్కెం పెట్టలేదు. ఆర్మ్ ఊగి, రికార్డును తిప్పే పళ్ళెం అంచుకు సూది తగిలింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. భూతద్దం పెట్టి చూస్తే, సూదిని మోసే సన్నటి కడ్డీ పక్కకు వంగి ఉంది. గుండుసూదితో నెమ్మదిగా సరిచేయబోయాను, విరిగిపోయింది. అలా వంగినదాన్ని మీరు ముట్టుకోకండి, సూదినే మార్చండి.

అందుకే ముందుగా ప్లగ్గు తీసేయండి. రికార్డును కవరులో పెట్టి, ఆర్మ్‌ను దాని ఆసరా మీదికి చేర్చి కొక్కెం వేయండి, సూదికి తొడుగు వేయండి. పైమూత ఊడదీయండి. తరువాత ఎత్తేటప్పుడు రెండు చేతులూ వాడాలి. కింద ముక్క సర్దడానికి ఇంకొకరు ఉండాలి.

మట్టం కన్నా ముందు చూడవలసింది నిలకడ. మూడు కాళ్ళది మూడు రాళ్ళ పొయ్యి లాగా ఎక్కడ పెట్టినా కుదురుగా ఉంటుంది. నాలుగు కాళ్ళదైతే ఒక్కో మూల వేలితో నొక్కి చూడండి. ఏ కాలైనా టకటకమంటుంటే రసమట్టం (స్పిరిట్ లెవెల్) ఇంకా తీయకండి. గోడలో కట్టిన కడప రాతి అర ఉన్న ఇల్లయితే అంతకన్నా మంచి చోటు దొరకదు. పక్కన ఎవరు నడిచినా అది అదరదు. కాకపోతే ఆ బండ కాస్త వాలుగా ఉండవచ్చు. స్పీకర్లను మాత్రం అదే అరలో పెట్టకండి. అరలో ఉండవలసిన రికార్డులన్నీ సర్దాకే కొలవండి. నూరు ఎల్పీలు కవర్లతో కలిపి ఇరవై కిలోలకు పైనే తూగుతాయి, ఆ బరువుకు చెక్క అర వంగుతుంది.

చిన్న గుండ్రటి రసమట్టం ఒకటి చాలు. అయితే కొనగానే దాన్ని నమ్మకండి. బల్ల మీద పెట్టి బుడగ ఎటు జరిగిందో చూడండి, అదే చోట సగం చుట్టు తిప్పి మళ్ళీ చూడండి. రెండుసార్లూ గదిలో ఒకే దిక్కుకు, ఒకే మేరకు జరిగితే అది నిజమే చెబుతోంది. ఫోనులోని మట్టం యాప్ నాకు నచ్చదు. కెమెరా ఉబ్బు వల్ల ఫోను సమంగా కూర్చోదు, పైగా దానిలోని అయస్కాంతాలు కార్ట్రిడ్జ్ (ఆర్మ్ కొసన సూదిని పట్టి ఉంచే చిన్న డబ్బా) దగ్గరికి రాకూడదు. గ్లాసులో నీళ్ళు పోసి చూసే పద్ధతి కరెంటు వస్తువు మీద అసలే వద్దు.

ఇప్పుడు రబ్బరు చాప తీసేసి, రసమట్టాన్ని పళ్ళెం మీద పెట్టి, పళ్ళేన్ని చేత్తో పావు చుట్టు చొప్పున తిప్పండి. బుడగ ఎప్పుడూ కిటికీ వైపే పోతుంటే బల్ల వాలింది, కిటికీ వైపే ఎత్తు. పళ్ళెంతో పాటు బుడగ కూడా తిరుగుతుంటే తప్పు పళ్ళెంలోనో రసమట్టంలోనో ఉంది. దానికి కింద ఎన్ని ముక్కలు పెట్టినా ప్రయోజనం లేదు.

ముక్కలను ప్లేయర్ కాళ్ళ కింద కాకుండా, దాని అడుగున వేసే మందపాటి ప్లైవుడ్ పలక కింద పెట్టడం మేలు. పలకను మూడు చోట్ల ఆనించి, బుడగకు ఎదురు వైపు ఎత్తండి. గడువు తీరిన ఏటీఎం కార్డులు దీనికి బాగా పనికివస్తాయి. ఒక్కొక్కటి 0.76 మిల్లీమీటర్ల మందం, నొక్కుకుపోవు. ఆనుడు చోట్ల మధ్య 40 సెంటీమీటర్లుంటే ఒక కార్డు డిగ్రీలో సుమారు తొమ్మిదో వంతు సరిచేస్తుంది. ఒక డిగ్రీ వాలు పోవాలంటే 7 మిల్లీమీటర్లు కావాలి. అంత అవసరమైతే బల్లనే బాగు చేయించండి. మడిచిన వార్తాపత్రిక, థర్మోకోల్, స్పాంజి వద్దు, నెలలోపే అణిగిపోతాయి. నాణేలు జారతాయి. ప్లేయర్ అడుగున రంధ్రాలు చేసి మరలు బిగించాలనే ఆలోచన అసలే వద్దు, లోపల మోటారు, వైర్లు ఉంటాయి.

బుడగ గుండ్రటి గీత మధ్యకు వస్తే ఆపేయండి. 2 గ్రాముల బరువుతో సూదిని ఆనించే, చక్కగా తూగే ఆర్మ్‌ను ఒక డిగ్రీ వాలు పక్కకు లాగే బలం గ్రాములో సుమారు 30వ వంతే. సూది పదేపదే గెంతుతుంటే దుమ్మునో, అరిగిన మొననో, యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ రికార్డు మధ్యకు లాగుకుపోకుండా ఆపే) అమరికనో చూడండి. స్ప్రింగుల మీద వేలాడే రకానికి మాత్రం అడుగు భాగం సరిచేశాక స్ప్రింగులు కూడా చూడాలి, అది తెలిసినవారి చేత చేయించడం మంచిది.

పని అయ్యాక సూది రికార్డు మీద ఆనే బరువును మళ్ళీ తూచండి. వారం తరువాత ఒకసారి, వానాకాలంలో పలక ఉబ్బాక మరోసారి, రసమట్టాన్ని పళ్ళెం మీద పెట్టి చూడండి.