క్రిమినల్ కోర్టులో సాక్ష్యం ఎలా చెప్పాలి? ముద్దాయి ఏం చూసుకోవాలి?

కానిస్టేబుల్ సమన్లు తెచ్చి ఇచ్చాక వాటిని మడిచి బీరువాలో పెట్టేయకండి. ఏ కోర్టు, కేసు నంబరు ఎంత, వాయిదా ఎప్పుడు అన్నది చదవండి. ‘మనం సాక్షులమే కదా, వెళ్లకపోతే ఏమవుతుందిలే’ అనుకుంటే సాక్షికైనా వారెంటు రావచ్చు, జరిమానా పడవచ్చు.

వాయిదా రోజు పదిన్నరకల్లా కోర్టు హాలు దగ్గర ఉండండి. అటెండరు పేర్లు పిలిచేటప్పుడు వినబడేంత దూరంలోనే ఉండాలి. సమన్లు, ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి. ఫోన్ ఆపేయండి.

సాక్షులైతే ముందుగా ప్రభుత్వం తరఫు లాయరును, అంటే ఏపీపీగారిని కలవండి. పోలీసులు రాసుకున్న మీ వాంగ్మూలం మీద మీ సంతకం ఉండదు. పాత చట్టం (సీఆర్‌పీసీ) సెక్షన్ నంబరుతో అందరూ 161 స్టేట్‌మెంట్ అనేది దాన్నే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) అది 180వ సెక్షన్. అందులో ఏం రాశారన్నది ఎలా ఉన్నా, బోనులో మీరు చెప్పాల్సింది కళ్లారా చూసిందీ చెవులారా విన్నదీ మాత్రమే.

క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం లాయరు ప్రశ్నలు అడిగేటప్పుడు, తడబడేది ఎక్కువగా ఊహించి చెప్పినప్పుడే. యాక్సిడెంట్ కేసు అనుకోండి. ‘లారీ ఎంత స్పీడులో వచ్చింది?’ అని అడిగితే తోచినట్టు ‘ఎనభై’ అనేస్తారు. వెంటనే ‘మీరెలా కొలిచారు?’ అని అడుగుతారు. ‘వేగంగా వచ్చింది, ఎంతో చెప్పలేను’ అంటే సరిపోయేది. తెలియనిది తెలియదనడం తప్పు కాదు. క్రాస్ చివర్లో ‘మీరు అబద్ధపు సాక్ష్యం చెబుతున్నారు’ అని లాయరు అనడం మామూలే. కోపం తెచ్చుకోకుండా ‘నిజం కాదు’ అని ఊరుకోండి.

మీరు తెలుగులో చెప్పింది చాలాచోట్ల ఇంగ్లీషులో టైపు అవుతుంది. సంతకం పెట్టేముందు తెలుగులో చదివి వినిపించమని అడగండి. మొహమాటపడకండి, అది మీ హక్కు. తేడా ఉంటే అక్కడికక్కడే జడ్జిగారికి చెప్పండి. రానుపోను ఖర్చులకు బత్తా ఉంటుంది, కోర్టు ఆఫీసులో అడగండి. ఎవరైనా బెదిరిస్తుంటే దాచుకోవద్దు. సుప్రీంకోర్టు ఆమోదించిన 2018 నాటి సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇక ముద్దాయి సంగతి. చార్జిషీటు, దాంతోపాటు ఇచ్చే కాగితాల కాపీలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకుని లాయరుతో కూర్చుని చదవండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

‘ఒప్పేసుకో, ఫైనుతో పోతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. తొందరపడొద్దు. ఒప్పుకుంటే శిక్ష పడినట్టే రికార్డుకెక్కుతుంది, రేపు ప్రభుత్వ ఉద్యోగం వెరిఫికేషన్‌లో అదే అడ్డొస్తుంది. సాక్షుల విచారణ అయ్యాక జడ్జిగారు మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు. దానికి ప్రమాణం ఉండదు, జవాబు చెప్పి తీరాలన్న బలవంతమూ లేదు. ఏం చెప్పాలో మాత్రం ముందే లాయరుతో మాట్లాడుకోండి. సాక్షుల ఇళ్లకు రాయబారాలు పంపితే బెయిలు రద్దయ్యే ప్రమాదం ఉంది.

వాయిదాకు రాలేకపోతే, ఆ రోజు కేసు పిలిచేలోపే లాయరు ద్వారా ఆబ్సెంట్ పిటిషన్ వేయించండి. జ్వరమైతే డాక్టరు సర్టిఫికెట్ జతచేయండి. అప్పటికే నాన్‌బెయిలబుల్ వారెంటు వచ్చి ఉంటే, పోలీసులు ఇంటికొచ్చేదాకా ఆగకుండా లాయరుతో కలిసి కోర్టుకు వెళ్లి, వారెంటు వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేయండి.