ఎన్నో నెల అని ఇక్కడెవరూ అడగరు

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో కొత్తగా ఇంగ్లండ్ వచ్చి, ఇక్కడే పురుడు పోసుకోబోయే అమ్మాయిలకు నేను మొదట చెప్పే మాట ఇది. నెలల లెక్క అమ్మకు ఫోన్లో చెప్పడానికి ఉంచుకోండి. ఇక్కడి మిడ్‌వైఫ్, అంటే గర్భిణులనూ కాన్పులనూ చూసే ఆవిడ, అడిగేది ఎన్నో వారమని. కడుపుతో ఉన్నప్పుడు వేసే టీకాలు చాలావరకు ఆ లెక్క మీదే నడుస్తాయి.

కడుపు సంగతి తెలియగానే ఇంటి దగ్గరి జీపీ (ఫ్యామిలీ డాక్టరు) సర్జరీలో పేరు రాయించుకోండి. సర్జరీ అంటే ఆపరేషను కాదు, డాక్టరు క్లినిక్కే. మొదట్లో నేనూ హడలిపోయాను. వీసా అప్పుడే ఆరోగ్య సర్‌చార్జి కట్టి వచ్చినవాళ్లు ఈ టీకాలకు మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు.

ఫ్లూ టీకా సెప్టెంబరు నుంచి చలికాలమంతా ఇస్తారు, ఏ వారమైనా పర్లేదు. కోరింత దగ్గు టీకా 16వ వారం నుంచి. 32 దాటకముందే వేయించుకుంటే మేలు. "ఊళ్లో టీటీ వేయించుకునే వచ్చాను కదా" అని దీన్ని వదిలేయకండి. మన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఇప్పుడు వేసే టీడీలో ధనుర్వాతం, డిఫ్తీరియా ఉంటాయి, కోరింత దగ్గు ఉండదు.

మూడోది ఆర్‌ఎస్‌వీ టీకా. మనవాళ్లు ఎక్కువగా తప్పిపోయేది దీని దగ్గరే, ఎందుకంటే ఈ పేరే మన చెవిన పడి ఉండదు. వయసులో ఉన్న ఆరోగ్యవంతులకు ఈ వైరస్ చాలావరకు ఉత్త జలుబే. నెలల పసిబిడ్డకైతే ఊపిరితిత్తుల్లోని సన్నగొట్టాలు వాచి, శ్లేష్మంతో పూడుకుపోతాయి. 2019 నవంబరులో మా పెద్దవాడికి ఏడు వారాలు. జలుబే కదా అని నేను తేలిగ్గా తీసుకున్నాను. కావలి నుంచి పురుటికి వచ్చిన అమ్మ వాడి చొక్కా ఎత్తి చూసి, "డొక్కలు ఎగరేస్తున్నాడమ్మే, లెయ్" అంది. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఆక్సిజను, ముక్కులోంచి గొట్టంతో పాలు. అప్పటికి ఈ టీకా లేదు.

ఇంగ్లండ్‌లో దీన్ని 2024 సెప్టెంబరు 1న మొదలుపెట్టారు. అప్పుడు నాకు రెండోసారి, 29వ వారం. "ఏందమ్మే, కడుపుతో ఉండి ఇన్ని సూదులా?" అని అమ్మ ఫోన్లో గొణిగింది గానీ, పెద్దవాడి డొక్కలు గుర్తుచేశాక ఊరుకుంది. నాకు చెయ్యి ఒకరోజు నొప్పి పుట్టింది, అంతే. కొందరికి తలనొప్పి, ఒళ్లు నొప్పులు ఉంటాయి.

సూది తల్లికే అయినా కాపుదల బిడ్డకు. తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరతాయి. అందుకు దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టే 28 వారాలు నిండగానే అడగమనేది. ఆ తర్వాత కాన్పు దాకా వేస్తారు గానీ, ఆలస్యమయ్యేకొద్దీ బిడ్డకు అందేది తగ్గుతుంది. సుమారు 7,400 మంది గర్భిణులతో 18 దేశాల్లో చేసిన పరీక్షలో, పుట్టిన మూడు నెలల్లోపు తీవ్రమైన ఆర్‌ఎస్‌వీ జబ్బును ఇది 82 శాతం దాకా, ఆరు నెలల్లోపు 69 శాతం తగ్గించింది. ప్రతి కాన్పుకూ మళ్లీ వేయించుకోవాలి.

పుట్టింట్లో పురుడు పోసుకోవాలనుకునేవాళ్లకు చిన్న చిక్కుంది. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు. చాలా విమాన సంస్థలు 28 వారాలు దాటితే డాక్టరు ఉత్తరం అడుగుతాయి. అందుకని 28 నిండగానే టీకా, చేతిలో ఉత్తరం, ఆ తర్వాతే టికెట్టు.

అమెరికాలో ఉన్న చెల్లెళ్లు ఈ లెక్క పట్టుకోకండి. అక్కడ 32 నుంచి 36 వారాల మధ్య, అదీ చాలా రాష్ట్రాల్లో సెప్టెంబరు నుంచి జనవరి వరకే. తల్లికి కుదరకపోతే బిడ్డకే యాంటీబాడీ ఇంజెక్షను ఇస్తారు.

చూడవచ్చినవాళ్లలో జలుబున్నవారిని బిడ్డ దగ్గరికి రానివ్వకండి, అత్తగారైనా సరే. సాంబ్రాణి పొగ కూడా మానండి. పసివాడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, పైగా ఫ్లాటులో పొగ అలారం మోగి బిల్డింగంతా కిందికి దిగుతుంది. మాకు జరిగింది.

టీకా వేయించుకున్నా కన్నేసి ఉంచాలి. బిడ్డ మామూలుగా తాగే పాలలో సగం కూడా తాగకపోయినా, 12 గంటలుగా డైపరు తడవకపోయినా వైద్య సలహా నంబరు 111కు ఫోన్ చేయండి. పెదాలు నీలంగా మారినా, ఊపిరి మధ్యమధ్య ఆగుతున్నా, డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా నేరుగా అంబులెన్సు నంబరు 999. 111లో ఇంగ్లీషు తడబడితే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడగండి, డబ్బు తీసుకోరు.