25 నిమిషాలు తెగకుండా చదవడం ఎలా?

హనుమకొండలో గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లను ఎవరినైనా అడగండి, రోజుకు పన్నెండు గంటలు కూర్చుంటున్నాం అంటారు. కూర్చునే మాట నిజమే. ఎంత చదివారంటే మాత్రం మాట మారుస్తారు. ఇప్పుడు చాలామంది టైమర్ చూసుకుని చదివే పోమొడోరో పద్ధతి కోసం యాప్ ఒకటి పెట్టుకుంటున్నారు. అది గంట కొడుతూనే ఉంటుంది, వీళ్లు వాట్సాప్ చూస్తూనే ఉంటారు. నెల తర్వాత "ఆ పద్ధతి మనకు సెట్ కాదన్నా" అని తేల్చేస్తారు.

పద్ధతి చిన్నదే. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, చదువు మీద మనసు నిలవక, టమాట ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌ను ముందు పెట్టుకుని మొదలుపెట్టాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. నాలుగు రౌండ్లయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం.

టైమర్ ఒకటి, పెన్ను ఒకటి, కాగితాలు రెండు చాలు. టైమర్ ఫోన్‌లోది కాకూడదు, టైమ్ చూద్దామని ఫోన్ పట్టుకుంటే టైమ్ ఒక్కటే చూసి పెట్టేసేవాళ్లు లేరు. రీడింగ్ రూమ్‌లో టిక్కుటిక్కుమనేది పెడితే పక్కవాళ్లు ఊరుకోరు, చప్పుడు లేని బ్యాటరీ టైమర్ కొనుక్కోండి. గోడ వైపు తిరిగి కూర్చోండి. పాటలు వద్దు, మాటలు లేని సంగీతమైనా సరే వద్దు.

మొదటి కాగితం మీద ఈ రోజు పని రాయండి. "కాకతీయులు" అని రాస్తే అది సిలబస్ అవుతుంది, పని కాదు. "గణపతిదేవుడు, 1199–1262, మోటుపల్లి అభయ శాసనం, సొంత నోట్స్ ఒక పేజీ" అని రాస్తే అది ఒక రౌండ్. "రామప్ప గుడి, 1213, రేచర్ల రుద్రుడు, 2021లో యునెస్కో గుర్తింపు" అన్నది ఇంకొకటి. తర్వాత టైమర్ నొక్కి చదవడమే.

అసలు కష్టం ఏడో నిమిషానికో పదో నిమిషానికో వస్తుంది. రామప్ప గుడి గోపురం ఇటుకలు నీళ్లలో తేలతాయని చదువుతారు. నిజంగా తేలతాయా? వీడియో ఉంటుంది కదా, ఒక్క నిమిషం చూద్దాం అనిపిస్తుంది. ఆ వీడియో కింద లక్నవరం వేలాడే వంతెన, దాని కింద బొగత జలపాతం. గంట మోగేసరికి కుర్చీలోంచి లేవకుండానే ములుగు జిల్లా మొత్తం తిరిగొస్తారు.

రెండో కాగితం దీనికోసమే. ఆలోచన రాగానే "ఇటుకలు, వీడియో" అని రెండు మాటలు రాసి, చదువుతున్న లైన్‌కే తిరిగి రావాలి. గ్యాస్ బుక్ చేయడం, ఫీజు కట్టడం, ఊరికి ఫోన్ చేయడం, ఏది గుర్తొచ్చినా ఇంతే. "గుర్తుంచుకుంటాలే" అంటే కుదరదు. మరిచిపోతామేమో అని మనసు దాన్నే పట్టుకుని ఉంటుంది, అదే పేరా మూడుసార్లు చదివినా ఎక్కదు. మనసు పక్కకు పోయిందని తిట్టుకుంటూ కూర్చోవద్దు, ఆ టైమ్ కూడా 25లోంచే పోతుంది. మొదటి వారం కాగితం నిండిపోతుంది. నిండనివ్వండి.

మనుషులొస్తే వేరే లెక్క. పక్క కుర్చీ అబ్బాయి "అన్నా, ఈ లెక్క జర చెప్పవా?" అంటే "పది నిమిషాలు ఆగు తమ్మీ, నేనే వస్తా" అనండి. అదీ కాగితం మీద రాసుకుని, చెప్పిన టైమ్‌కు నిజంగా వెళ్లండి. ఎగ్గొడితే రేపటి నుంచి ఆగమన్నా ఆగడు. ఫోన్ బ్యాగులో ఉండాలి. ఇంటి నుంచి వెంటవెంటనే రెండుసార్లు మోగితే మాత్రం ఎత్తాల్సిందే.

ఎత్తి మాట్లాడారా, ఆ రౌండ్ రద్దు. అందరూ నాతో గొడవ పడేది ఇక్కడే. "పద్దెనిమిది నిమిషాలు అయిపోయింది కదా, మిగతా ఏడు తర్వాత కలుపుతా" అంటారు. కలపకూడదు. టైమర్ మళ్లీ 25 నుంచే మొదలవ్వాలి. పూర్తయిన రౌండుకే మొదటి కాగితం మీద గీత గీయాలి. ఏడు ఇక్కడ, పన్నెండు అక్కడ అని కలపడం మొదలుపెడితే సాయంత్రానికి ఎన్ని రౌండ్లు చదివారో మీకే తెలియదు. చదివింది ఎక్కడికీ పోదు, గీత మాత్రం పడదు.

50 నిమిషాలు చదివి 10 నిమిషాలు ఆగడమే గొప్ప అని వాదించేవాళ్లున్నారు. గంటకు విరామం రెండింట్లోనూ పదే. కానీ నలభయ్యో నిమిషంలో ఎవరో పిలిచి రౌండ్ రద్దయితే పోయేదెంతో చూసుకోండి. నలుగురున్న ఇంట్లో, హాస్టల్లో ఎవరూ కదిలించని 50 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి?

చిన్న విరామంలో లేచి నాలుగడుగులు వేసి నీళ్లు తాగండి. ఫోన్ వద్దు. చాయ్ పెద్ద విరామంలోనే, హోటల్‌కు పోతే ఐదు నిమిషాల్లో తిరిగొచ్చేది ఉండదు. రెండో కాగితం మీద రాసుకున్నవీ అప్పుడే చూడాలి. సగం వాటిని కొట్టేయాలని మీకే అనిపిస్తుంది.

మాక్ టెస్టుకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. గ్రూప్-2లో ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అంటే ప్రశ్నకు నిమిషం. వారంలో ఒక పూట గోడ గడియారం చూసుకుంటూ పూర్తి పేపర్ ఒకే బిగిన రాయండి. తప్పులు సరిచూసుకునేటప్పుడు మళ్లీ టైమర్ పెట్టుకోవచ్చు.