అనలాగ్ నుంచి అంకెల దాకా – 5వ పాఠం: రోజుకోసారి రేవులోకి చూస్తే

పోయిన పాఠంలో ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ కలిపి ఆర్‌సీ ఫిల్టర్ కట్టాం, అంటే నెమ్మది ఊపులను వదిలి వేగం ఊపులను అణిచే సర్క్యూట్. కటాఫ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అణచడం మొదలవుతుందన్న లెక్క, కాగితం మీద వేశాకే సిమ్యులేటర్ తెరవమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈసారి దానితో పనుంది.

ఇవాళ్టి పాఠం ఏడీసీ గురించి, అంటే వోల్టేజీని అంకెగా మార్చే సర్క్యూట్ గురించి. ముందుగా అంతర్వేది వెళ్దాం.

గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ ఉదయం 6 గంటలకు పోటు వస్తే, రేపు ఉదయం పోటు 6 గంటల 50 నిమిషాలకు వస్తుంది. వలలు వేసేవాళ్లకు ఈ లెక్క చిన్నప్పటి నుంచే తెలుసు.

ఇప్పుడు ఆటుపోట్ల సంగతే తెలియని మనిషి ఒకడు రోజూ సరిగ్గా 6 గంటలకు రేవుకు వచ్చి, నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో పుస్తకంలో రాసుకుని వెళ్లిపోతున్నాడనుకోండి. మొదటి రోజు నీళ్లు పై మెట్టు మీద ఉంటాయి. రోజూ కొంచెం కొంచెం దిగుతాయి. ఏడెనిమిది రోజులకు అడుగు మెట్టు కనిపిస్తుంది. మళ్లీ ఎక్కుతూ పదిహేనో రోజుకు పై మెట్టుకు చేరతాయి. అతని పుస్తకం ప్రకారం గోదావరి పదిహేను రోజులకు ఒక్కసారే పొంగి తగ్గుతుంది. రాసిన ప్రతి అంకె నిజమే, వాటిని కలిపితే వచ్చిన కథ మాత్రం అబద్ధం.

ఇందులో ఇంకో చిక్కుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దదవుతుంది కదా, ఆ చక్రం కూడా దాదాపు పదిహేను రోజులే. కాబట్టి ఆ మనిషి తన పుస్తకం చూపించి ‘ఇదంతా చంద్రుడి వల్లే’ అంటే వినేవాళ్లు తలూపుతారు. తప్పుడు సిగ్నల్ నిజమైన సిగ్నల్ వేషంలో వస్తే పట్టుకోవడం కష్టం. నా మట్టుకు ఈ పాఠం మొత్తంలో భయపడాల్సిన విషయం ఇదొక్కటే.

దీని పేరే ఏలియాసింగ్. ఒక అలను సరిగ్గా పట్టుకోవాలంటే, అది ఒక్కసారి ఊగే లోపు రెండుసార్లకు పైగా చూడాలి. 1928లో నైక్విస్ట్ అనే ఇంజనీరు టెలిగ్రాఫ్ తీగల లెక్కల్లో దీనికి పునాది వేశాడు. 1949లో గణితవేత్త షానన్ దాన్ని సిద్ధాంతంగా తేల్చి రాశాడు. పోటు విషయంలో అయితే ఆరు గంటల పన్నెండు నిమిషాలకంటే తక్కువ వ్యవధిలో చూస్తుండాలి. అది కనీసం మాత్రమే. పని సుఖంగా జరగాలంటే గంటకోసారి చూడాలి.

నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు శాంప్లింగ్, అంటే ఇలా వ్యవధికోసారి చూసి అంకె రాసుకోవడం, ఒక పేపర్లో, ఫిల్టర్లు మరో పేపర్లో ఉండేవి. రెంటిలోనూ మార్కులు వచ్చాయి. ఆ రెండూ ఒకే తీగ మీద కలుస్తాయని మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు మేం నలుగురం ఆకివీడు దగ్గర ఒక రొయ్యల చెరువుకు డీఓ మీటరు చేశాం. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో సెకనుకోసారి చదివి చూపించాలి. ల్యాబ్‌లో చక్కగా పనిచేసింది. చెరువు గట్టు మీద మాత్రం రీడింగ్ నెమ్మదిగా పైకీ కిందికీ ఊగడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున డీఓ పడిపోవడం మామూలే కాబట్టి, నిజంగానే పడిపోతోందేమోనని టెన్షన్. పది రీడింగుల సగటు తీశాం, ఇరవై తీశాం. రెండు వారాలు ప్రోగ్రాం మారుస్తూనే ఉన్నాం. చివరికి కారణం చూపించింది చెరువు రైతు. ‘ఏరియేటర్లు ఆపేస్తే మీ మీటరు బాగానే ఉంటంది బాబూ, అవి తిరిగితేనే ఊగుతంది’ అన్నాడు.

ఏరియేటర్లంటే చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు. వాటి మోటార్ల 50 హెర్ట్జ్ కరెంటు మా సెన్సర్ తీగలోకి ఎక్కుతోంది. మేం సెకనుకోసారి చూస్తున్నాం. ఆ రెండు చూపుల మధ్య 50 హెర్ట్జ్ అల సరిగ్గా 50 చుట్లు తిరిగి మొదటి చోటికే వస్తుంది. లైన్ ఫ్రీక్వెన్సీ 50 దగ్గర కొంచెం అటూ ఇటూ కదులుతుంది కాబట్టి, ఆ మిగిలిన తేడాయే మాకు నెమ్మది ఊపుగా కనిపించింది. రోజూ 6 గంటలకు రేవుకు వెళ్లిన మనిషి చేసిన తప్పే మేమూ చేశాం.

ఇది మీ కళ్లతో చూడాలి. ఇంటి కరెంటు జోలికి వెళ్లొద్దు, ఇయర్‌ఫోన్ జాక్ ఉన్న ఫోను చాలు. ఆర్డువినో యూనో అనే చిన్న ప్రోగ్రాం బోర్డులో 5 వోల్టుల నుంచి ఒక 10 కిలోఓమ్, గ్రౌండ్ నుంచి ఇంకో 10 కిలోఓమ్ తెచ్చి ఒకచోట కలపండి. అక్కడ 2.5 వోల్టులు ఉంటుంది. ఆ చోటును బోర్డు ఏడీసీకి దారి అయిన ఏ0 పిన్‌కు కలపండి. ఫోను జాక్ నుంచి వచ్చే సిగ్నల్‌ను 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా అదే చోటికి ఇవ్వండి. కెపాసిటర్ ప్లస్ కాలు ఆర్డువినో వైపు ఉండాలి. ఫోను గ్రౌండ్, బోర్డు గ్రౌండ్ కలపడం మరవొద్దు. టోన్ జనరేటర్ యాప్‌లో 50 హెర్ట్జ్ సైన్ పెట్టి వాల్యూమ్ పెంచండి.

సీరియల్ వేగం, అంటే బోర్డు కంప్యూటర్‌కు అంకెలు పంపే వేగం, 115200 పెట్టండి. 9600లో ఒక అంకె పంపడానికే 5 మిల్లీసెకన్లు పడుతుంది, మన టైమింగ్ చెడిపోతుంది.

మొదట 1 మిల్లీసెకనుకు ఒకసారి చదివి, ఆ అంకెలను గీతగా చూపించే సీరియల్ ప్లాటర్‌లో చూడండి. చుట్టుకు 20 చుక్కలతో అందమైన అల. ఫొటో తీసుకోండి. ఇప్పుడు అదే ప్రోగ్రాంలో వ్యవధి 21 మిల్లీసెకన్లు చేయండి. మళ్లీ చుట్టుకు దాదాపు 20 చుక్కలతో అదే అల. బోర్డు క్లాకు తేడా వల్ల ఒకటి రెండు చుక్కలు మారవచ్చు, అంతే. కానీ ఇది 50 హెర్ట్జ్ అల కాదు. ఒక చుట్టుకు 420 మిల్లీసెకన్లు పడుతోంది, అంటే 2.38 హెర్ట్జ్. శాంప్లింగ్ ఫ్రీక్వెన్సీ 47.62లోంచి 50ని తీసేస్తే గుర్తు పక్కనపెట్టి మిగిలేది అదే.

రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి కాసేపు చూడండి. కంప్యూటర్‌కు అందిన అంకెల వరుస రెండుసార్లూ ఒకటే. అలాంటప్పుడు ఏది అసలు, ఏది నకిలీ అని ఏ ప్రోగ్రాం తేల్చగలదు? శాంపిల్ తీశాక ఆ సమాచారం ఎక్కడా మిగలదు. అందుకే అడ్డుకట్ట శాంపిల్‌కు ముందే పడాలి, అది అనలాగ్‌గానే ఉండాలి.

ఇప్పుడు పాత కాగితం తీయండి. ఆ 2.5 వోల్టుల చోటుకీ ఏ0 పిన్‌కూ మధ్య 10 కిలోఓమ్, ఏ0 నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్ పెట్టండి. కటాఫ్ 1.6 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 50 హెర్ట్జ్ దానికి 31 రెట్లు, కాబట్టి అల సుమారు ముప్పయ్యో వంతుకు కుంచించుకుపోతుంది. చెరువులో డీఓ మారడానికి నిమిషాలు పడుతుంది కాబట్టి ఈ ఫిల్టర్ దాన్ని తాకదు. మా ప్రాజెక్టు బాగుపడింది కూడా ఇలాంటి రెండు చిన్న ముక్కలతోనే.

చిప్పు లోపల ఇదే కథ ఇంకో రూపంలో నడుస్తుంది. అక్కడ శాంప్లర్ అంటే స్విచ్‌గా పనిచేసే ఒక ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్. స్విచ్‌కూ రెసిస్టెన్స్ ఉంటుంది, రెసిస్టెన్స్ ఉన్నచోట వేడి వల్ల నాయిస్, అంటే అడ్డదిడ్డపు చిన్న ఊపులు, ఉంటుంది. ఆ నాయిస్ చాలా పెద్ద ఫ్రీక్వెన్సీల దాకా పరుచుకుని ఉంటుంది. శాంపిల్ తీయగానే అదంతా మడతలు పడి కింది ఫ్రీక్వెన్సీల్లోకి వచ్చి చేరుతుంది. రెసిస్టెన్స్ తగ్గిస్తే నాయిస్ తగ్గుతుందనిపిస్తుంది. తగ్గదు. రెసిస్టెన్స్ తగ్గినంత మేరకు బ్యాండ్‌విడ్త్, అంటే లోపలికి వచ్చే ఫ్రీక్వెన్సీల వెడల్పు, పెరిగి లెక్క సరిపోతుంది. మొత్తం నాయిస్‌ను తేల్చేవి ఉష్ణోగ్రత, కెపాసిటర్ విలువ మాత్రమే. మామూలు గది వేడిలో 1 పికోఫారడ్‌కు అది 64 మైక్రోవోల్టులు. 1 వోల్టు పరిధి ఉన్న 12 బిట్ల ఏడీసీలో ఒక మెట్టు 244 మైక్రోవోల్టులు, అంకెను దగ్గరి మెట్టుకు సర్దడం వల్ల వచ్చే పొరపాటు సుమారు 70. రెండూ దాదాపు సమానం. నాయిస్‌ను సగం చేయాలంటే కెపాసిటర్‌ను నాలుగింతలు చేయాలి, దాన్ని నింపే ఆంప్లిఫయర్ అంత ఎక్కువ కరెంటు తాగుతుంది. ఆ ఆంప్లిఫయర్ సంగతి ఏడో పాఠంలో.

వచ్చే పాఠానికి ఒక పని. యాప్‌లో సైన్ బదులు రంపం ఆకారం, అంటే సాటూత్ పెట్టండి. ఫిల్టర్ తీసేసి 1, 21, 19 మిల్లీసెకన్లకు మూడు ఫొటోలు తీయండి. మూడింటిలో ఒకదాంట్లో రంపం పళ్లు రెండో వైపుకు తిరిగి ఉంటాయి. ఏదాంట్లో, ఎందుకు అన్నది రేవు మెట్ల మనిషిని తలుచుకుని మీ మాటల్లో రాసి పెట్టుకోండి.