సిటీ ఆర్ట్స్ కమిషన్ గ్రాంట్ మన కళకు తెచ్చుకోవడం ఎలా?

అమెరికాలో ఉండే మన డ్యాన్స్ టీచర్లు, నాటకాల వాళ్లు ఒక ప్రోగ్రామ్ అనుకోగానే చేసే మొదటి పని, తెలిసిన రియల్ ఎస్టేట్ ఏజెంటుకో బిర్యానీ హోటల్ ఆయనకో ఫోన్ కొట్టి స్పాన్సర్‌షిప్ అడగడం. దాంతో బ్యానర్ నిండా లోగోలు, స్టేజీ మీద గంటసేపు శాలువాలు. అది తప్పని అనను. కానీ మనం ఉండే ఊళ్లోనే కళల కోసం పక్కన పెట్టిన డబ్బు ఉంటుందనీ, దాన్ని మనమూ అడగొచ్చనీ చాలామందికి తెలియదు. నాకూ తెలియదు, మా వీధిలో కూచిపూడి నేర్పే టీచరు గారితో కూర్చుని ఒక నగరానికి అప్లికేషన్ నింపేదాకా. అది తిరిగొచ్చింది. ఎందుకు తిరిగొచ్చిందో కింద చెప్తాను, ఈ వ్యాసంలో మీకు అన్నిటికంటే పనికొచ్చే ముక్క అదే.

శాన్ ఫ్రాన్సిస్కో పద్ధతిని ఉదాహరణగా తీసుకుంటాను. పేర్లు, తేదీలు ఊరు ఊరుకీ మారతాయి కానీ నడిచే తీరు చాలాచోట్ల ఇలాగే ఉంటుంది.

1. ముందు ఆ డబ్బు ఎవరిదో తెలుసుకోండి

శాన్ ఫ్రాన్సిస్కో ఆర్ట్స్ కమిషన్, అంటే కళల పనులు చూసే నగర విభాగం, 1932లో నగర చార్టర్ (నగరానికి రాజ్యాంగం లాంటిది) ద్వారా ఏర్పడింది. మేయర్ నియమించే 15 మంది కమిషనర్లు ఉంటారు, రోజువారీ పని మాత్రం నగర ఉద్యోగులే చూస్తారు. డబ్బు ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి హోటల్ పన్ను: టూరిస్టు గది తీసుకుంటే అద్దె మీద 14 శాతం పన్ను కడతాడు, ఆ పద్నాలుగులో ఒకటిన్నర వంతు, అంటే అద్దెలో 1.5 శాతం, కళలకే వెళ్లాలని 2018 నవంబరులో అక్కడి ఓటర్లు బ్యాలెట్‌లో ఓటేసి తేల్చారు. (హోటల్ పన్నుతోనే 1961 నుంచి నడుస్తున్న గ్రాంట్స్ ఫర్ ది ఆర్ట్స్ అనే ఇంకో విభాగం కూడా ఉంది, రెండింటినీ కలిపేసి అయోమయపడకండి.) రెండోది 1969 నాటి ఆర్డినెన్స్ (నగరం చేసుకున్న చట్టం): నగరం లైబ్రరీయో ఎయిర్‌పోర్ట్ టెర్మినలో కడితే ఖర్చులో 2 శాతం కళాకృతులకు పెట్టాలి. అమ్మానాన్నల కోసం ఎయిర్‌పోర్టులో నిలబడి గోడల మీద చూసే ఆ పెద్ద పెద్ద బొమ్మల్లో చాలా వాటికి డబ్బు ఇలా వచ్చిందే.

ఇదంతా ఎందుకంటే, ఇది దాత ఇచ్చే విరాళం కాదు, పన్ను డబ్బు. కాబట్టి చూసేవాళ్ల మనసులో ఒకటే ప్రశ్న ఉంటుంది: దీనివల్ల మా ఊరి జనానికి ఏం దొరుకుతుంది? మీ కళ ఎంత గొప్పదన్నది ఆ తర్వాతే.

2. మీ తలుపు ఏదో చూసుకోండి

శిల్పాలు, మ్యూరల్స్ (గోడల మీద పెద్ద బొమ్మలు) చేసేవాళ్లు పబ్లిక్ ఆర్ట్ వైపు వెళ్లాలి. అక్కడ పిలుపు వచ్చినప్పుడు పాత పనుల ఫొటోలు పంపాలి. డ్యాన్స్, సంగీతం, నాటకం, రచన వాళ్లకు గ్రాంట్లు. పెద్ద ఒపేరా, సింఫనీలకే కాకుండా అన్నాళ్లూ వాటా అందని సమూహాల కళలకూ అందాలని 1993లో అక్కడ ప్రత్యేకంగా ఒక నిధి పెట్టారు, మనలాంటి వాళ్లు చూడాల్సింది అలాంటివి. హాల్ కావాలంటే బేవ్యూ ఒపేరా హౌస్, సోమార్ట్స్ లాంటి నగరం సొంత భవనాల్లో నడిచే సాంస్కృతిక కేంద్రాలు ఉన్నాయి.

ఇంకోటి నాకు భలే నచ్చింది, వీధి కళాకారుల లైసెన్సు. 1972 నుంచి ఉంది. చేత్తో చేసిన వస్తువులు వీధిలో అమ్ముకోవాలంటే ముందు ఒక కమిటీ ఎదుట పనిముట్లు, సామగ్రి పెట్టుకుని అది మీరే చేశారని చూపించాలి. అంటే శ్రీకాళహస్తి నుంచి సూట్‌కేసులో తెచ్చిన కలంకారీ దుపట్టాలు అక్కడ అమ్మడం కుదరదు, వెదురు కలం పట్టుకుని, కరక్కాయ నీళ్లలో తడిపిన గుడ్డ మీద మీరే గీత గీస్తే కుదురుతుంది.

3. అడ్రసు

శాన్ ఫ్రాన్సిస్కోలో కళాకారులకు విడిగా ఇచ్చే గ్రాంటుకు అక్కడ నివాసం ఉండాలి. శాన్ హోసేలో ఉంటే శాన్ హోసేకి దాని సొంత ఆర్ట్స్ కమిషన్, సొంత గ్రాంట్లు ఉన్నాయి. ఎవరి ఊరు వాళ్లది.

4. అప్లికేషన్ రాసే ముందు ఏడాది వెళ్లి వినండి

ఇది ఎవరూ చేయరు, అందుకే గట్టిగా చెప్తున్నా. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం ఇలాంటి కమిషన్ల మీటింగులు అందరికీ తెరిచి ఉండాలి, మామూలు మీటింగ్ అజెండా 72 గంటల ముందు బయట పెట్టాలి. శాన్ ఫ్రాన్సిస్కోలో అప్లికేషన్లకు మార్కులు వేసే ప్యానెల్ చర్చ కూడా వినొచ్చు. మీరు మాట్లాడి వాదించడానికి వీల్లేదు, ఊరికే కూర్చుని వినడమే. "బడ్జెట్ అర్థం కాలేదు", "ప్రేక్షకులు ఎవరో రాయలేదు", "వీడియోలో పని కనిపించలేదు" అని వాళ్లు వేరేవాళ్ల అప్లికేషన్ల గురించి అనుకునేవి నోట్ చేసుకుంటే చాలు, కన్సల్టెంటుకు డబ్బు కట్టక్కర్లేదు. కౌన్సిల్ మెంబర్‌తో ఫొటో దిగి సిఫార్సు చేయించుకుందాం అనే మన పాత అలవాటు మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్లండి.

5. వీడియో, రాత

ఇక మా అప్లికేషన్ సంగతి. అడిగింది మూడు నిమిషాల వీడియో. మేం పంపినదాంట్లో మొదటి నిమిషంన్నర జ్యోతి ప్రజ్వలన, అందులో గాలికి అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోవడం, తర్వాత ముఖ్య అతిథికి శాలువా, ఆ తర్వాత స్పాన్సర్ల స్లైడు. డ్యాన్స్ మొదలయ్యేసరికి ముప్పై సెకన్లే మిగిలాయి, అదీ పిల్లలందరూ వరసలో నిలబడి నమస్కారం పెట్టడం. ప్యానెల్లో ఒక్కొక్కరు పదుల కొద్దీ అప్లికేషన్లు చూడాలి, మన దీపం ఎప్పుడు వెలుగుతుందా అని వాళ్లెందుకు ఆగుతారు? మొదటి సెకన్ నుంచే పని కనిపించాలి. సోలో ఉంటే సోలో, తాళం, గజ్జెల చప్పుడు స్పష్టంగా వినిపించే రికార్డింగ్.

రాతలోనూ అదే తప్పు. "కూచిపూడి రెండు వేల ఏళ్ల ప్రాచీన నృత్య సంప్రదాయం" అని మొదలుపెట్టాం. ప్రతి అప్లికేషన్‌లోనూ ఎవరో ఒకరి ప్రాచీన సంప్రదాయం ఉంటుంది. రెండోసారి ఇలా రాశాం: "నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద రెండు పాదాలు ఆనించి, పళ్లేన్ని కదుపుకుంటూ స్టేజీ దాటుతుంది. ఆరుబయట పార్కులో, టికెట్ లేకుండా, చూసినవాళ్లు తర్వాత వచ్చి ఆ పళ్లెం మీద నిలబడి చూడొచ్చు." ఎక్కడ, ఎవరికి, ఏం చూపిస్తారు అన్న మూడూ అందులో వచ్చేశాయి. ఆ మధ్యాహ్నం మీ స్టేజీ ముందు తెలుగువాళ్లు కానివాళ్లు ఎలా చేరతారో కూడా రాయాలి, లైబ్రరీతోనో స్కూలుతోనో ముందే మాట్లాడుకుని ఉంటే ఆ ఉత్తరం జత చేయండి.

6. బడ్జెట్

మనవాళ్లు అందరూ ఫ్రీగా చేస్తారని రాస్తే మంచి మార్కులు పడతాయనుకుంటాం. తలకిందులు. కళాకారులకు డబ్బు అందాలన్నదే ఈ గ్రాంట్ల ఉద్దేశం. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, ఒక్కొక్కరికీ విడిగా లైను రాసి, రిహార్సల్స్‌తో కలిపి ఎంతో వేయండి. ఊరికే ఇచ్చిన హాలు, వాలంటీర్ల గంటలు కూడా విలువ కట్టి ఆదాయం వైపు చూపించుకోవచ్చు, కానీ అవే అంకెలు ఖర్చు వైపు కూడా ఉండాలి, రెండు మొత్తాలూ సరిపోవాలి. భోజనాలు చాలా గ్రాంట్లు ఒప్పుకోవు, కాబట్టి పులిహోర ఖర్చు మీరే చూసుకోండి.

ఇన్సూరెన్స్ మర్చిపోతే చివర్లో టెన్షన్. చాలా నగరాలు 10 లక్షల డాలర్ల లయబిలిటీ పాలసీ (ప్రోగ్రామ్‌లో ఎవరికైనా దెబ్బ తగిలితే నష్టం కట్టేది) అడుగుతాయి, అందులో నగరం పేరు కూడా చేర్పించాలి. మీకు 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ, లేకపోతే, ఉన్న సంస్థ ఒకటి ఫిస్కల్ స్పాన్సర్‌గా నిలబడి డబ్బు తీసుకుని మీకివ్వొచ్చు, దానికి కొంత శాతం పట్టుకుంటుంది. ఆ శాతం ఎంతో ముందే అడిగి బడ్జెట్‌లో రాసుకోండి.

7. వచ్చిన తర్వాత

ఉత్తరం రాగానే ఖర్చు మొదలుపెట్టొద్దు. అగ్రిమెంటు సంతకాలయ్యాకే డబ్బు, అదీ తరచుగా విడతల్లో, కొన్నిచోట్ల మీరు ఖర్చు పెట్టి బిల్లులు చూపిస్తేనే. వ్యక్తిగా తీసుకుంటే అది మీ ఆదాయం కింద పన్ను లెక్కలోకి వస్తుంది, వచ్చిందంతా ఖర్చు పెట్టేయకండి. కరపత్రం మీద కమిషన్ లోగో ఏ సైజులో వేయాలో అగ్రిమెంటులోనే ఉంటుంది, అది బిర్యానీ హోటల్ లోగో కింద పడితే మెయిల్ వస్తుంది. ప్రోగ్రామ్ రోజు గేటు దగ్గర ఒక పిల్లాడిని, నొక్కి జనాన్ని లెక్కపెట్టే కౌంటర్ ఇచ్చి కూర్చోబెట్టండి, చివర్లో ఇచ్చే రిపోర్టులో ఎంతమంది వచ్చారని అడుగుతారు. ఆ రిపోర్టు గడువు దాటించారంటే తర్వాతి అప్లికేషన్ కష్టమే. మా టీచరు గారు రసీదులన్నీ గజ్జెల సంచీలో దాచి, అవెక్కడున్నాయో మర్చిపోయి రెండు రోజులు వెతికారు, మీరు మాత్రం ఎప్పటికప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.