ఆర్ఎక్స్ 100 కార్బ్ సతాయిస్తుంటే: ఎక్కడ చూడాలి, ఎలా విప్పి బిగించాలి

పాత యమహా ఆర్ఎక్స్ 100 బైక్ పికప్ తగ్గినా, ఐడ్లింగ్ నిలవకపోయినా అందరూ చెప్పేది ఒకటే, కార్బ్ (పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బ్యురేటర్) మార్చేయండి అని. ఆ ఒరిజినల్ మికుని వీఎం20ని దయచేసి పారేయకండి. లోపల స్లయిడ్ (రేస్ తిప్పితే పైకి లేచే ముక్క) ఆడే చోట బాడీ బాగా అరిగిపోతే తప్ప అది మళ్ళీ పనిచేస్తుంది, చవక డూప్లికేట్ కొత్తదాని కంటే పాత ఒరిజినలే నయం.

ముందు కార్బ్ ముట్టుకోకుండా పెట్రోల్ పైపు పీకి సీసాలోకి వదలండి. ధార ఆగకుండా రావాలి. కాసేపు వచ్చి సన్నబడిందంటే ట్యాంక్ మూతలో గాలి రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు, మొదట్నుంచీ చుక్కలే పడుతుంటే కాక్ (ట్యాంక్ కింద పెట్రోల్ ఆపే కుళాయి) దగ్గర తుప్పు. ట్యాంకులో తుప్పు అలాగే ఉంచి కార్బ్ ఎన్నిసార్లు కడిగినా దండగే.

తర్వాత స్పార్క్ ప్లగ్ తీసి కొన చూడండి. బిస్కెట్ రంగు ఉంటే బాగున్నట్టు, నల్లగా తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. తెల్లగా ఉంటే మాత్రం బండి నడపకండి, టూ స్ట్రోక్ ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.

రేస్ ఇచ్చి వదిలాక ఆర్పీఎం వెంటనే దిగకుండా పైనే నిలబడుతుంటే ఎక్కడో బయటి గాలి పీలుస్తోంది. ఇంజన్ ఐడ్లింగ్‌లో పెట్టి కార్బ్‌కి ఇంజన్‌కి మధ్య జాయింట్ మీద కార్బ్ క్లీనర్ కొంచెం కొట్టండి (సైలెన్సర్ మీద పడనీయకండి, అంటుకుంటుంది), సౌండ్ మారిందంటే లీక్ అక్కడే. అక్కడ ఏమీ లేకపోతే క్రాంక్ ఆయిల్ సీల్ పోయి ఉండొచ్చు, అప్పుడు కార్బ్ విప్పి లాభం లేదు.

ప్రాబ్లం ఏ రేస్ దగ్గర వస్తోందో కూడా గమనించండి. ఐడ్లింగ్‌లో, కొంచెం తిప్పినప్పుడు అయితే పైలట్ జెట్ (జెట్ అంటే పెట్రోల్ కొలతగా వదిలే సన్న రంధ్రం ముక్క), సగం దగ్గర తడబడితే నీడిల్ (స్లయిడ్‌కి వేలాడే సూది), ఫుల్ రేస్‌లో ఊపిరాడనట్టు ఉంటే మెయిన్ జెట్. ఎప్పుడూ రిచ్‌గానే (పెట్రోల్ ఎక్కువగా) ఉండి ఓవర్‌ఫ్లో లేకపోతే చోక్ ప్లంజర్ పూర్తిగా కూర్చుంటోందో లేదో చూడండి, చాలామంది దీన్ని మర్చిపోతారు.

ఇక విప్పడం. కాక్ ఆఫ్ చేసి, పై మూత తిప్పి స్లయిడ్‌ని నీడిల్‌తో సహా బయటికి లాగి, తర్వాత కార్బ్ తీయండి. ఆయిల్ పంప్ పైపు ఊడదీయాల్సి వస్తే మళ్ళీ పెట్టాక గాలి బుడగలు పోయేదాకా బ్లీడ్ చేయాల్సిందే. ఎయిర్ స్క్రూ (ఐడ్లింగ్‌లో గాలి పాలు మార్చే స్క్రూ) తీసేముందు అది లోపలికి ఎన్ని చుట్లు పోతుందో లెక్కపెట్టి రాసిపెట్టుకోండి. జెట్లు మెత్తటి ఇత్తడివి, సరిపోయే స్క్రూడ్రైవర్ లేకుండా వాటి జోలికి పోవద్దు. పైలట్ జెట్ రంధ్రం వెలుతురుకి పెట్టి చూస్తే గుండ్రంగా కనపడాలి, మూసుకుపోతే క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టించండి, మరీ మొండికేస్తే కరెంటు వైర్‌లోని ఒక్క రాగి పోగు చాలు. సూది, గుండుసూది, డ్రిల్ బిట్ వద్దే వద్దు, రంధ్రం పెద్దదైతే ఇక ఎన్ని ట్యూనింగులు చేసినా అంతే. రబ్బరు ఓరింగులు మాత్రం క్లీనర్‌లో వేయకండి, ఉబ్బుతాయి.

ఫ్లోట్‌ని (కార్బ్ కింది గిన్నెలో పెట్రోల్ మీద తేలేది) చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ సౌండ్ వస్తే మార్చాలి. ఫ్లోట్ పిన్ (ఫ్లోట్ పైకి లేచినప్పుడు పెట్రోల్ ఆపే సూది) కొనమీద గీత పడి ఉంటే ఓవర్‌ఫ్లోకి కారణం అదే. బిగించాక కార్బ్‌ని తలకిందులు చేసి పెట్రోల్ వచ్చే గొట్టంలోకి నోటితో ఊదండి, గాలి పోకూడదు. రిపేర్ కిట్‌లో కొత్త జెట్లు వస్తే వెంటనే వేసేయకండి, పాతదాని మీద నంబరు, కొత్తదాని నంబరు పోల్చి చూడండి.

స్లయిడ్ పెట్టేటప్పుడు కోత ఉన్న వైపు ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి. కిక్ కొట్టేముందు రేస్ తిప్పి వదలండి, టక్‌మని కింద పడాలి, పడకపోతే స్టార్ట్ చేయొద్దు.

ట్యూనింగ్ ఇంజన్ వేడెక్కాకే. ఐడిల్ కొంచెం పెంచి, ఎయిర్ స్క్రూ మెల్లగా చివరిదాకా బిగించి (గట్టిగా బిగిస్తే సీట్ పాడవుతుంది) ఒకటిన్నర చుట్టు వదలండి, అక్కణ్ణుంచి అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఆర్పీఎం ఎక్కడ ఎక్కువ వస్తుందో అక్కడ ఆపి ఐడిల్ తగ్గించండి. ఈ స్క్రూ లోపలికి తిప్పితే రిచ్, బయటికి తిప్పితే లీన్ (పెట్రోల్ తక్కువ). కాసేపు సగం రేస్‌లో నడిపి ప్లగ్ మళ్ళీ తీసి చూడండి, ఇంకా తెల్లగా ఉంటే గాలి లీక్ లేదని ఇంకోసారి ఖాయం చేసుకుని నీడిల్ మీది క్లిప్‌ని ఒక గాడి కిందకి దించండి, నీడిల్ పైకి లేచి పెట్రోల్ కొంచెం పెరుగుతుంది.