సెలవుల్లో పిల్లలు చూసే సిరీస్‌లు: ఇంట్లో పెద్దవాళ్లు ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

దాళ్వా (రెండో పంట వరి) కోతలై కాలువలకి నీళ్లు ఆపేసే రోజులకి మా కోనసీమలో పిల్లలకి సెలవులొచ్చేస్తాయి. ఇంటర్ ఫలితాలూ ఏప్రిల్లోనే. పెద్దవాళ్లం ఆవకాయ పనుల్లోనో కళ్లాల దగ్గరో ఉంటాం, పిల్లలు ఫ్యాను కింద ఫోను పట్టుకుని ఉంటారు. మార్కుల టెన్షనూ, ఒంటరి మధ్యాహ్నాలూ, ఆపకపోతే వాటంతటవే వచ్చేసే ఎపిసోడ్లూ అన్నీ ఒకేసారి పడతాయి. అందుకే ముందుగా రాస్తున్నాను.

పోయిన వేసవిలో మా అక్క కూతురు పదో తరగతి పరీక్షలు రాసి మా ఇంటికొచ్చింది. నేను వరండాలో మామిడికాయ ముక్కలు తుడుస్తున్నాను. తను పక్కనే చాప మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకుంది. కరెంటు పోయి వైఫై ఆగింది. ఒక చెవిలోది తీసి అడిగింది: "పిన్నీ, ఆ అమ్మాయి చచ్చిపోయాకే కదా అందరూ తన మాట విన్నారు?"

నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

తను చూస్తున్నది '13 రీజన్స్ వై'. 2017 మార్చి 31న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన అమెరికా సిరీస్. స్కూల్లో ఒక అమ్మాయి ఫొటో చేతులు మారుతుంది, ఏడిపిస్తారు, లైంగిక దాడి జరుగుతుంది. చనిపోయే ముందు తన కారణాలన్నీ కేసెట్లలో చెప్పి పెడుతుంది.

ఆ రాత్రి నుంచి మొదటి సీజన్ 13 భాగాలూ నేనూ చూశాను. ఏడిపించడం చిన్న నవ్వుతో మొదలై ఎంత దూరం పోతుందో బాగానే చూపించారు. దాడికి గురైన పిల్ల నోరు ఎందుకు పెగలదో కూడా అర్థమవుతుంది. నాకు భయమేసింది వేరే చోట. చనిపోయిన అమ్మాయి గొంతు కథంతా వినిపిస్తూనే ఉంటుంది. అందరూ కుమిలిపోవడం తను పక్కనుండి చూస్తున్నట్టే అనిపిస్తుంది. నిజంగా పోయినవాళ్లు ఏదీ చూడరు, ఏదీ వినరు. ఇంకొకటి, చివర్లో ఆమె స్కూలు కౌన్సిలర్ దగ్గరికి వెళ్తే ఆయన ఆ బాధ అందుకోలేకపోతాడు. పెద్దవాళ్లకి చెప్పి లాభం లేదన్న మాట చూసే పిల్లలో అలా దిగిపోతుంది.

న్యూజిలాండ్‌లో ఈ సిరీస్ కోసమే కొత్త రేటింగ్ పెట్టారు: 18 ఏళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లు పక్కనుంటేనే చూడాలి. ఆత్మహత్య దృశ్యాన్ని నెట్‌ఫ్లిక్స్ 2019 జూలైలో తీసేసింది. సిరీస్ వచ్చిన మరుసటి నెల అమెరికాలో 10–17 ఏళ్ల పిల్లల ఆత్మహత్యలు 28.9 శాతం పెరిగాయని 2019లో ఒక అధ్యయనం చెప్పింది. కారణం సిరీసేనని అందులోనూ తేల్చలేదు, తర్వాత ఇంకో పరిశోధకుడు అవే లెక్కలు చూసి ఒప్పుకోలేదు. కానీ అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లకి అలాంటి దృశ్యం మంచిది కాదన్న దాంట్లో నాకు అనుమానం లేదు.

ఫోను లాక్కోవద్దు. లాక్కుంటే పక్కింటి ఫోన్లో చూస్తారు, మనకి చెప్పడం మాత్రం మానేస్తారు. పిల్లలకి వేరే ప్రొఫైల్ పెట్టి వయసు పరిమితి పెట్టండి, మీ ప్రొఫైల్‌కి పిన్ పెట్టండి, తర్వాతి ఎపిసోడ్ దానంతటదే రాకుండా సెట్టింగ్స్‌లో ఆపండి. 13 ఏళ్లు దాటినవాళ్లకంటూ రేటింగ్ ఇచ్చిన వాటికీ, ఆ పై రేటింగులకీ లాక్ సదుపాయం ఉండాలని 2021 ఐటీ రూల్స్ చెబుతున్నాయి. రీల్స్‌లో వచ్చే ముక్కలకి ఈ తాళాలు పనిచేయవు, హెచ్చరికలూ చాలాసార్లు ఉండవు. అందుకే పక్కన కూర్చోవడమే గట్టి జాగ్రత్త. రాత్రి ఒంటరిగా చూడనివ్వకండి. అయ్యాక "ఆ పిల్ల ఇంకెవరికి చెప్పుకుని ఉండొచ్చు?" అని అడిగి, వాళ్లు మాట్లాడేదాకా ఆగండి.

మన సీరియళ్లనీ వదలొద్దు. చస్తానని బెదిరించి పని సాధించుకోవడం, పాడుచేసినవాడికే ఇచ్చి పెళ్లి చేసి పరువు నిలిచిందనడం మనం అన్నం తింటూ చూస్తాం. అప్పుడే "ఇది తప్పు" అని నోరు తెరిచి అనండి. మగపిల్లలూ వినేలా అనండి.

ఫలితాల వారంలో పిల్ల నిద్ర మానేసినా, ఇష్టమైన వస్తువులు ఇచ్చేస్తున్నా, "నేను లేకపోతేనే నయం" లాంటి మాటలంటున్నా, సూటిగానే అడగండి: "చనిపోవాలనిపిస్తోందా అమ్మా?" అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. పొలం మందులు ఇంట్లో, పశువుల పాకలో ఉంటే తాళం వేసేయండి, సీజన్లో మిగిలినవైనా సరే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం మీదకొస్తే 112.

ఎవరో ఒంటి మీద చెయ్యి వేశారని పిల్లలు చెబితే "నువ్వెందుకెళ్లావు అక్కడికి" అనకండి. మా వైపు ఇళ్లల్లో ముందు నోట వచ్చేది ఆ మాటే. నమ్ముతున్నానని చెప్పండి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ వర్తిస్తుంది. పిల్లల పేరు, ఊరు బయటపెట్టకూడదు. పోలీసులు యూనిఫాం లేకుండా ఇంటికో, పిల్లలు కోరుకున్న చోటికో వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. మొదట ఎవరికి చెప్పాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి.

ఆ రోజు కరెంటు సాయంత్రం దాకా రాలేదు. "నువ్వు బతికుండగానే నీ మాట నేను వింటాను, ఏదైనా సరే, తిట్టను" అన్నాను మా అక్క కూతురితో. కాసేపటికి లేచి కూర్చుని, క్లాసులో తన స్నేహితురాలి ఫొటో ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారని మెల్లగా మొదలుపెట్టింది. ముక్కలు బేసిన్లో అలాగే వదిలేసి పక్కన కూర్చున్నాను.